గోంగూర కాదు, బావగారూ

ఫార్మింగ్టన్ హిల్స్,
మార్చి 9.

బావగారికి నమస్కారాలు.

నారు సన్నగా సాగి వాలిపోతోందని మొన్న ఫోన్‌లో అడిగాను. వ్యవసాయాధికారిగా పనిచేసినవారు కదా, వెంటనే మార్గం చెప్పారు. బేస్‌మెంట్‌లో మొక్కల పైనున్న లైటు కిందికి దించాను, కాడల చుట్టూ మట్టి ఎగదోశాను, చిన్న ఫ్యాన్ పెట్టాను. ఇప్పుడు నిలబడుతున్నాయి.

“గోంగూరేనా?” అని మీరడిగితే ఊఁ అన్నాను. కాదు, అది గంజాయి. మిషిగన్‌లో పెద్దవాళ్లు ఇంట్లో కొన్ని మొక్కలు పెంచుకోవచ్చు. కీమో మొదలయ్యాక మీ చెల్లెలు హైమకి పెరుగన్నం కూడా కడుపులో నిలవడం లేదు. దీంతో కొందరికి ఆకలి వేస్తుందని డాక్టరే అన్నారు. మీ ముందు ఆ పేరెత్తడానికి నాకు నోరు రాలేదు.

మీరు చెప్పిన ఒక్కటి మాత్రం చెయ్యలేదు. “నిలబడనివాటిని పీకి పారెయ్యండి, దండగ” అన్నారు. బేస్‌మెంట్ మెట్ల మీద టోపీ అల్లుకుంటున్న హైమ ఆ మాట స్పీకర్‌లో వింది. మర్నాడు చూస్తే, అన్నిటికంటే సన్నటి మొక్క పక్కన చాప్‌స్టిక్ పుల్ల గుచ్చి ఉంది. టోపీ ఉన్నితో వదులుగా కట్టింది.

కోప్పడాలంటే నన్ను కోప్పడండి. హైమకి ఫోన్ చేసినప్పుడు మాత్రం, ఆ మొక్క ఎలా ఉందో అడగండి.