జానెడు ఖాళీ

చిరంజీవి ప్రసన్నకుమారికి నాయన దీవెనలు. నేనూ మీ అమ్మా కుశలమే. చిత్తూరులో అత్త ఇంట్లో నువ్వూ వేళకు తింటా ఉండావని తలుస్తాను.

తెల్లారినప్పటి నుంచి మబ్బు పట్టి ఉండాది, వాన రాలేదు. చెనక్కాయ చేనులో పడమటి సాళ్ళు కలుపు తీసినాను. మీ ట్రైనింగు స్కూలు విమానం పడి దూసుకుపోయిన నడిమి భాగం అట్లే వదిలేసినాను.

నీ జాబులో అడిగినదానికి జవాబు. విమానం నడిపిన పిల్ల తిరుపతి ఆసుపత్రిలో ఉండాది. కాలికి కట్టు కట్టినారు, ప్రాణానికి భయం లేదు. మీ ఓనరు ఈడికి వచ్చినాడు. "మెకానిక్కు పిల్ల నట్టు సరిగ్గా బిగించలేదు, రాసుకోండి సార్" అని తప్పు నీ మీదికి తోసి అందరి ముందరా అన్నాడు. దర్యాప్తుకొచ్చిన పెద్దాయన పేరు సౌందరరాజన్. "మీరు చెప్పినారు, విన్నాను. ఇనుము కూడా చెప్పాల కదా" అన్నాడాయన. ఓనరు కారు పంపిస్తానంటే వద్దన్నాడు. మీ అమ్మ మజ్జిగిచ్చినా తాగలేదు.

ఆయనా, ఆయన మనుషులూ గోరంత ముక్క దొరికినా ఆడ చిన్న జెండా నాటి, టేపుతో కొలిచి, రాసుకున్నాకే ఎత్తినారు. పైరు తొక్కకుండా సాళ్ళలోనే నడిచినారు. ఎత్తినవన్నీ కళ్ళంలో పట్ట పరిచి పేర్చినారు. నాలుగు రోజులకు పట్ట మీద విమానం ఆకారం వచ్చింది. నలభై ఏండ్లు ఆ కళ్ళంలో కాయ ఆరబోసినాను, అట్లాంటిది చూడలేదు. పక్క చేని దేవరాజులు చెప్పులు విడిచి నిలబడినాడు.

"ఏమప్పా, గుడనుకున్నావా?" అన్నాను.

"నోరు మూసుకుని సూడబ్బా" అన్నాడు.

విమానం ముక్కు దగ్గర జానెడు చోటు మాత్రం ఖాళీగా ఉండింది.

ఫోనులో చెప్పలేక రాస్తా ఉండేది ఇదే. ఆ చోట ఉండాల్సిన జానెడు పైపు నా దగ్గరుండింది. వాళ్ళు రాకముందే గట్టు మీద దొరికింది. ఆకాశం నుంచి పడిన ఇనుము మైలని మీ అమ్మ పసుపు నీళ్ళతో కడిగి బొట్టు పెట్టింది. నేను కొసన ఉండే నట్టు చూసినాను. నువ్వు బిగించినదేమోనని గడ్డివామిలో దూర్చినాను.

ఆ ఖాళీని రెండు రోజులు చూసినాను. మూడో రోజు పైపు తీసుకుపోయి సౌందరరాజన్ సారుకు ఇచ్చేసినాను.

"ఎవరు కడిగినారు?" అన్నాడు.

"నేనే సామీ. చింతపండు పెట్టి తోమలేదు, వట్టి పసుపు నీళ్ళే" అనింది మీ అమ్మ.

ఆయన నవ్వలేదు, కసురుకోలేదు. బొట్టుతో సహా రాసుకున్నాడు. నేను దాచింది కూడా రాసి, నా చేత సంతకం పెట్టించినాడు.

"బిగించింది నా కూతురు సార్" అన్నాను.

"ఆమెనీ అడుగుతాము, ఓనరునీ అడుగుతాము. ఎవర్నీ పట్టుకునేదానికి రాలేదయ్యా. ఇంగొకటి పడకూడదు, అంతే" అన్నాడు.

పైపును ఆ ఖాళీలో పెట్టినాడు. సరిగ్గా సరిపోయింది.

నట్టు రెండోసారి బిగించినావో లేదో గుర్తు లేదని రాసినావు. గుర్తు లేదనే చెప్పు. ఓనరుకు భయపడొద్దు, నా కోసమూ లేనిది ఏమీ కలపొద్దు. మన ఇంట్లో నేను దాచింది ఒకటి చాలు. రేపు వాళ్ళు నిన్ను అడిగేదానికి ఆడికి వస్తారు.

ఇట్లు,
మీ నాయన,
ఆదిమూలం

తెల్లారి రాస్తా ఉండాను. వాళ్ళ జీపు తొమ్మిదికి బయలుదేరుతుందంట. మీ అమ్మ ఈ జాబు తీసుకుని ఆరున్నర బస్సుకు బయలుదేరతా ఉండాది.