కప్పబండికి సంబంధం

2001 మార్చి 11, ఆదివారం

కప్ప ఇవాళ స్టార్ట్ కాలేదు. చోక్ లాగాను, హ్యాండిల్ తిప్పాను, బతిమాలాను, తిట్టాను. చలి తగ్గాక కూడా ఈ వేషాలేటి దీనికి. కాసేపు అలాగే సీట్లో కూర్చుని లోపలికొచ్చేశాను.

పార్వతీపురం నుంచి తమ్ముడి ఫోన్. నాకోసం మేడమీద పోర్షనుకి సున్నాలు వేయించాడట సూరి. ఏప్రిల్ నెలాఖరుకి నా రిటైర్మెంటని నాకన్నా వాడికే బాగా గుర్తు. "అన్నీ తెచ్చుకో అక్కా. ఆ కారొక్కటీ మాత్రం... మా సందులో రిక్షా తిరగడమే గగనం. అమ్మేసి రా." విన్నాను. ఇక్కడ అరకులో క్వార్టరు ఖాళీ చేస్తే కప్పకి చోటు లేదు. అక్కడా లేదు.

మార్చి 12

స్టార్ట్ అయింది. ఒక్క తిప్పుకే. దానికీ అలకలుంటాయి.

మార్చి 18, ఆదివారం

కడిగాను. ఆకుపచ్చ రంగు బానెట్ మీద బాగా వెలిసిపోయింది. రెండే సీట్లు, నేలకి అంటుకుపోయినట్టుంటుంది, గుంతలో పడితే ఎగిరి దూకుతుంది — గూడేల్లో పిల్లగుంటలు కప్పబండి అన్నారు, అదే పేరైంది. డొంకరాయి ప్రాజెక్టులో పని చేసి వెళ్ళిపోతున్న దొర దగ్గర కొన్నప్పుడు నాకు క్లచ్చేదో బ్రేకేదో తెలీదు. ఘాట్ రోడ్డే నేర్పింది. "మొగుడు లేకపోయినా మోటారు కావలసొచ్చిందే నీకు" అంది అమ్మ. అంది గానీ మర్నాడు పక్కసీట్లో కూర్చుని ఊరంతా తిరిగింది, తలకి తువ్వాలు చుట్టుకుని.

స్పోర్ట్స్ కారట. నేను దీన్లో మోసినవి కాఫీ మొక్కలు, పనసకాయలు, నొప్పులొస్తున్న ఆడవాళ్ళు. పందెం అంటూ వేస్తే బొర్రా మలుపు దగ్గర మబ్బుతో వేశానేమో.

మార్చి 22

కప్పని కొంటానని విశాఖ నుంచి ఒక హోటలాయన వచ్చాడు. బీచ్ రోడ్డులో కొత్తగా రిసార్టు కడుతున్నాడట. మంచివాడే, "మేడమ్, మేడమ్" అంటూ మర్యాదగానే మాట్లాడాడు. నేను ఎంతంటే అంత ఇస్తాడట. గేటు ముందు సిమెంటు దిమ్మ కట్టి దాని మీద పెడతాడట, చుట్టూ నూరువరహాల మొక్కలు. "నడిపే పనేం లేదండీ. ఇంజను తీయించేస్తాం, బరువు తగ్గుతుంది. జనం ఎక్కి ఫొటోలు దిగుతారు."

టీ ఇచ్చాను. ఆలోచించి చెప్తానన్నాను. వెళ్ళేముందు కప్ప తలుపు రెండుసార్లు తీసి వేసి చూశాడు. గట్టిగా వేశాడు.

మార్చి 23

అన్నం సయించలేదు. ఇంజను తీయించేస్తాడట.

మార్చి 29

మా ఆఫీసు కాఫీ నర్సరీలో మిగిలిన మొక్కలు గూడేలకి పంచేశాం. సుకిరి సంచుల్లో మట్టి నింపుతూ, తల ఎత్తకుండా అంది — "బండి మా ఊర్ల పెట్టీ అమ్మా. కాఫీ ఎండబోసే రేకుల సాల ఉంది కదా. వానకి తడవదు." సుకిరి నాతో పనికొచ్చిన కొత్తలో పరికిణీ కట్టే గుంట. ఇప్పుడు మనవలు.

"ఎలకలు వైర్లు కొరికేస్తాయే" అన్నాను.

"పిల్లి ఉంది."

"ఎన్నాళ్ళని పెడతావు?"

"నువ్వొచ్చినన్నాళ్ళు."

నవ్వాను. పార్వతీపురం నుంచి బస్సులు మారి కారు చూట్టానికి కొండెక్కి వస్తానా నేను. వస్తానేమో.

ఏప్రిల్ 3

అమ్మితే పోతుంది. దాస్తే తుప్పు పడుతుంది. నడవని బండి బండి కాదు, ఎవరైనా చెప్తారు. టైర్లు ఒకే చోట ఒత్తుకుపోతాయి, పెట్రోలు జిగురవుతుంది, పైన కప్పే గుడ్డ హుడ్డుకి బూజు. ఇన్నీ తెలిసి కూడా దాచాలనుకోవడం దాని మంచికి కాదు, నా మంచికి. అమ్మేయమని బుర్ర చెప్తోంది. బుర్ర మాట నేనెప్పుడు విన్నాను గనక.

అసలు సంగతి రాసేస్తా, చదివేవాళ్ళెవరు. ఆదివారాలు నాకు పని ఉండదు. కప్పని తీసుకుని స్టేషనుకి పోతాను, కిరండోలు పాసింజరు వచ్చే వేళకి. నాకెవరూ దిగరు. కారు చూసి ఎవరో ఒకరు ఆగుతారు — "మేడమ్, బాగున్నారా, ఏ మోడలండీ ఇది?" ఆ నాలుగు మాటల కోసం పోతాను. కారు లేకపోతే నన్ను పలకరించే పని ఎవరికుంది. పార్వతీపురంలో నేను మేడ మీద పోర్షన్లో ఒక ముసలి అత్తనంతే. మరదలు పద్మ టిఫిన్ కేరియర్ పైకి పంపుతుంది, మంచి పిల్లే.

ఏప్రిల్ 9

ఇటుకల పండగ, గూడేల్లో చైత్రం వేట పండగ. మగాళ్ళు వేటకెళ్ళారు, ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వాసం కట్టి వచ్చే పోయే బళ్ళని ఆపుతున్నారు. పజోరు డబ్బులు, అంటే పండగ మామూలు, ఇస్తే గాని కదలనివ్వరు. లారీ వాడు చిల్లర ఇచ్చి బయటపడ్డాడు. నన్ను మాత్రం దిగమన్నారు. డబ్బులొద్దట — ఆడితేనే పంపుతారట.

ఆడాను. థింసా. మోకాళ్ళు ఏడ్చాయి. ఇటుపక్క ఒకావిడ, అటుపక్క ఒకావిడ, వెనకనుంచి చేతులు పెనవేసి పట్టుకున్నారు. డప్పు మారినప్పుడల్లా నేను తప్పటడుగు వెయ్యడం, వాళ్ళు నన్ను ఎత్తి సర్దడం, నవ్వులు. నా నడుం చుట్టూ ఒక చెయ్యి పడి ఎన్నేళ్ళయిందో.

తిరిగొస్తూ మలుపులో బండి ఆపాల్సొచ్చింది. కళ్ళకి రోడ్డు కనపడలేదు.

ఏప్రిల్ 11

హోటలాయన ఫోన్. సరే అనేశాను. నెలాఖర్లో లారీ పంపిస్తాడట. పెట్టేశాక చేతులు కడుక్కున్నాను, ఎందుకో.

ఏప్రిల్ 15, ఆదివారం

స్టేషనుకి వెళ్ళలేదు. ఇంటికే జనం వచ్చారు.

సుకిరి, దాని మొగుడు, ఊరి పెద్ద బుద్రా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. బుద్రా కొత్త తువ్వాలు వేసుకున్నాడు. జీలుగు కల్లు కుండ తెచ్చారు, మూతికి అడ్డాకు కట్టి. అరుగు మీద పెట్టి చుట్టూ కూర్చున్నారు. బుద్రా గొంతు సవరించుకుని, "సాలకి తలుపు బిగించినాం. బండి ఉంటాది" అన్నాడు. బండి అమ్మేశానని చెప్పడానికి నోరు రాలేదు.

వెళ్ళిపోతున్నానని వీడ్కోలుకి వచ్చారు పాపం అనుకున్నాను. స్టీలు గ్లాసులు తెచ్చి అందరికీ పోశాను, నేనూ తాగాను. పుల్లగా, చల్లగా బాగుంది. అమ్మ చూసుంటే ఆ కుండతోనే కొట్టేది. నేను గ్లాసు దించగానే ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వారు, సుకిరి కళ్ళు తుడుచుకుంది. డబ్బాలో ఉన్న బిస్కెట్లన్నీ పెట్టేశాను. అరుగు నిండా మనుషులు. పొద్దు వాలేదాకా ఉన్నారు.

ఏప్రిల్ 16

ఆఫీసులో అటెండరు అప్పారావు ఫైలు పెట్టి కదలడే. "ఏటిరా" అంటే — "కుండ పుచ్చుకున్నారట కదమ్మా."

"అయితే?"

"అయితే ఏటుంది, ఖాయమైపోయినట్టే."

అప్పుడు వెలిగింది. పిల్లనడగడానికి వాళ్ళు కుండ తెస్తారు. ఇష్టం లేకపోతే ముట్టుకోకుండా తిప్పి పంపాలి. తాగితే ఒప్పుకున్నట్టు, ఇక మాట తిరగదు. ఇన్నేళ్ళలో ఎన్ని ఒప్పుకోళ్ళకి పిలిస్తే వెళ్ళలేదు నేను, ఎన్ని కుండలు చూడలేదు. నా అరుగు మీదికొచ్చేసరికి బుర్ర పనిచేయలేదు. కప్పకి సంబంధం తెస్తే, ఆడపెళ్ళివారిలా కూర్చుని తాగి మరీ ఒప్పేసుకున్నానన్నమాట. పకపకా నవ్వాను. అప్పారావు హడలిపోయాడు.

నవ్వాను గానీ మాట మాటే. హోటలాయనకి ఫోన్ చేసి, బండి గూడేనికి మాటిచ్చేశాను, అమ్మనని చెప్పేశాను. "గూడెం షెడ్డులో తుప్పు పట్టిస్తారా మేడమ్" అన్నాడు, కోపంగానే. పట్టిస్తానన్నాను. ఇంజనుతో సహా పడుతుంది.

పెట్టేశాక ప్రాణం తేలికపడింది. ఆకలేసింది.

ఏప్రిల్ 17

సూరి అరిచాడు. వచ్చిన బేరం కాలదన్నుకున్నానట. కల్లు తాగి ఒప్పుకున్నానని చెప్పలేదు వాడికి.

ఏప్రిల్ 22, ఆదివారం

హుడ్డు తీసేసి సుకిరి ఊరికి వెళ్ళాను. పొద్దున మబ్బు కిందికి దిగి ఉంది, చెంపలు తడి. చివరి ఎక్కుడు రెండో గేరులో, మూలక్కుండా ఎక్కింది. పక్కసీట్లో టార్పాలిన్ పెట్టుకున్నాను.

మగాళ్ళు నలుగురు పట్టి లేపితే కింద రాళ్ళు పేర్చాం, టైర్లు నేలకి తగలకుండా. పెట్రోలు దింపాను. బ్యాటరీ విప్పాను. పొగాకు కాడలు తెచ్చి సీట్ల కింద వేసింది సుకిరి, ఎలకలు రావట. టార్పాలిన్ నేనే కప్పాను. అద్దం దగ్గర చెయ్యి ఆగింది.

బయటికొచ్చి, జీపు దొరుకుతుందా అన్నాను. సుకిరి చెయ్యి పట్టుకుని పక్కింటికి తీసుకుపోయింది. దాని చిన్న కొడుకు కట్టుకున్న ఇల్లు, వాడిప్పుడు అత్తారింటి దగ్గరే ఉంటున్నాడు. గోడలకి ఎర్రమట్టి కొత్తగా మెత్తారు, ఇంకా తడి వాసన. పొయ్యి వేశారు. దండెం కట్టారు. వాళ్ళెవరూ వాడని కుర్చీ ఒకటి ఎక్కణ్ణించో తెచ్చి మధ్యలో పెట్టారు.

"ఇదేటే?"

"నీ ఇల్లు."

"నాకెందుకే ఇల్లు? బండి కదా ఇచ్చాను."

సుకిరి నా మొహం తేరిపార చూసింది. నేను వేళాకోళం ఆడుతున్నానేమో అనుకుంది. తర్వాత మెల్లగా, చిన్న గుంటకి చెప్పినట్టు చెప్పింది — "ఇనప బండికి కుండ ఎవులు తెత్తారమ్మా. బండికైతే సాల ఉందని ఎప్పుడో సెప్పినాను కదా. కుండ నీకు. ఊరంతా కూకొని అనుకున్నాం. మా ఊర్ల ఉండమని నిన్నడిగినాం, నువ్వు తాగినావు."

గడప మీద కూర్చున్నాను. బుద్రా అటు తిరిగి కొండ చూస్తున్నాడు. సుకిరి నీళ్ళిచ్చింది, తాగాను. సంత జీపు వస్తే ఎక్కేశాను. ఎవరూ ఆపలేదు, ఎప్పుడొస్తావనీ అడగలేదు.

ఏప్రిల్ 23

ఆఫీసుకి నడిచి వెళ్ళాను. క్వార్టరు పక్కన ఖాళీ అయిన షెడ్డు వైపు చూడలేదు.

ఏప్రిల్ 25

అప్పారావు చట్టం చెప్తాడు — ఏజెన్సీలో గిరిజనులం కాని మనం గజం నేల కొనలేమని. కొనమని ఎవరన్నార్రా. ఉండమన్నారు.

ఉండగలనా? జ్వరమొస్తే? మోకాళ్ళు పూర్తిగా పోతే? వాళ్ళకి బరువైపోనా? వాళ్ళ భాష నాకు సగమే అర్థమవుతుంది, గబగబా మాట్లాడుకుంటే అదీ లేదు. పండగ నాడు ఆడటం వేరు, రోజూ నీళ్ళు మోసుకోవడం వేరు. భయంగా ఉంది. ఈ మాట రాయడానికి సిగ్గేం లేదు.

కానీ నన్ను ఎవరూ అడగలేదు ఇదివరకు. చూసి వెళ్ళినవాళ్ళున్నారు. ఉప్మా తిని, ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తామన్నవాళ్ళున్నారు. ఊరంతా కూర్చుని నా గురించి అనుకోవడం, కొత్త తువ్వాలు వేసుకుని నా ఇంటికి రావడం... అడిగారు. నేను కారుకనుకున్నాను. నాకోసం వచ్చుంటారన్న ఊహే తట్టలేదు.

ఏప్రిల్ 27

సూరికి గూడెం సంగతి చెప్పాను. "నలుగురూ నన్నేమంటారక్కా" అన్నాడు. తర్వాత వాడే, గొంతు తగ్గించి, "నీకు మా దగ్గర ఏం తక్కువ" అన్నాడు. తక్కువేం లేదురా అన్నాను. నిజంగానే ఏం తక్కువ లేదు. పద్మ ఫోన్ తీసుకుని, కిటికీలకి దోమతెర కొట్టించానొదినా అంది.



ఏప్రిల్ 29, ఆదివారం

రేపు ఆఫీసులో దండ వేస్తారు. ఎల్లుండి పొద్దున్నే సూరి వ్యాను తీసుకుని వస్తున్నాడు.

సామాను సర్దాను. సూరి వ్యానుకి ముందుగదిలో ఒక గుట్ట, అరుగు మీద ఇంకో గుట్ట. ఎందుకు రెండు చేశానో నాకే తెలీదు. కుక్కరు, మిక్సీ, పుస్తకాలు లోపల. గొడుగు, కంబళి, బొగ్గుల ఇస్త్రీపెట్టె బయట. స్వెట్టర్లు లోపల పెట్టాను, మళ్ళీ తెచ్చి బయట పెట్టాను.

పరుపు ఎటు వెయ్యాలో తేలలేదు. గుమ్మంలో అడ్డంగా ఉంది. దాని మీదే కూర్చుని రాస్తున్నాను.