నింగమ్మక్క చేన్ల సర్కారు తుమ్మ

రాయచూరు
సోమవారం పొద్దుగాల

అక్కకు,

నీ చెల్లె పద్మ దండాలు పెట్టి రాస్తున్నది. నువ్వు, బావ, పిల్లలు అందరు మంచిగున్నరనుకుంట. బావ నడుము నొప్పి తగ్గిందా? దవాఖానకు పోయిండా, లేక నూనె రాసుకోని ఊకున్నడా? స్వాతి బడికి సక్కగ పోతున్నదా? నేనిక్కడ బాగున్న. తింటున్న, పంటున్న. నా గురించి ఏం ఫికర్ చెయ్యకు.

చేతుల ఫోన్ ఉండంగ ఉత్తరమేందే అని నవ్వుతవు. ఫోన్ల చెప్తే రెండు మాటలకే "పోనీలేవే, ఊకో" అంటవు. ఆ మాట నాకిప్పుడు వద్దక్కా. ఏడో తరగతి దాంక చదివినవు కద, నిమ్మలంగ కూసోని చదువుకో. స్వాతితోని మాత్రం చదివియ్యకు.

నేనుండే ఇంటి అవ్వ ఈ ఊర్లనే పుట్టి పెరిగిన తెలుగామె. మనతోని తెలుగు, పాలోనితోని కన్నడం, కూరగాయలామెతోని ఉర్దూ. "ఏంది బేటా, మొఖం గట్ల పెట్టినవ్, తిన్నవా లేదా" అని రోజు అడుగుతది. జొన్నరొట్టె, గురెళ్ళ పొడి పెడ్తది. పొద్దున బస్టాండు కాడ తాలింపు బొరుగులు, మిర్చి తింట, ఒగ్గరణి అంటరు ఇక్కడ. చలికాలమే గాని పదకొండైతే చాలు ఎండ నెత్తి మీద కూసుంటది. తిండికి, నీడకు ఏం తక్కువ లేదు. మాట్లాడనీకి మనుషులు గూడ ఉన్నరు. కాని ఎవరితోని మాట్లాడినా మధ్యల నా నోరు పడిపోతున్నది.

నా నౌకరి ఏందో నీకు ఎన్నడు పూర్తిగ చెప్పలే. దునియాల అడవులు కొట్టి పంటలేస్తున్నరని, అట్ల పండింది కొనొద్దని బయటి దేశాలోళ్ళు అనుకున్నరు. ఆ దేశాల సర్కార్లు, మన సర్కారు, బట్టల కంపెనీలు కలిసి ఈ పని పెట్టినయ్. ఈ పత్తి అడవి కొట్టిన జాగల పండలేదు అని రుజువు ఉంటే, నడుమ దళారి లేకుండ కొనుక్కపోతరు. ఆ రుజువు తెచ్చేది నేను. ఫోన్ పట్టుకోని రైతుతోని కలిసి గట్టెంబడి చేను సుట్టు తిరగాలె. మొదలువెట్టిన కాడికి వాపసొస్తే ఫోన్ల చేను బొమ్మ పడ్తది. పైనుంచి ఎన్నడో తీసిన పాత ఫోటోతోని దాన్ని సరిచూస్తరు. పచ్చగీత వస్తే పత్తి తీసుకుంటరు, ఎర్రగీత వస్తే తీసుకోరు. మంచి పనే అక్కా. ఇప్పుడు గూడ ఆ మాటే అంట. అడవులు పోతే మనకు వానలు ఎక్కడియి? ఈ పనిల చేరిన్నాడు నీకు ఫోన్ చేసి ఎంత ఎగిరిన, యాదికున్నదా?

చంద్రబండ దిక్కు ఒక ఊర్ల నింగమ్మక్క అని ఉండె. నీ ఈడుదే. నవ్వేటప్పుడు నీ లెక్కనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటది. ఆమె, పెనిమిటి హనుమంతు ఏండ్లకేండ్లు బెంగళూరుల ఇండ్లు కట్టే పనికి పోయిండ్రు, మీరు పూనా పోయినట్లే. ఇక్కడ మూడెకరాల చేను బీడు పడ్డది. బీడు పడ్డ చేన్ల ఏం మొలుస్తదో నీకు నేను చెప్పాల్నా? సర్కారు తుమ్మ. వీళ్ళు బళ్ళారి జాలి అంటరు. పేరు ఏదైతేంది, ముల్లు అదే. వాపసొచ్చి ఒక ఎండకాలమంత మొగుడు పెండ్లాలు గొడ్డలి, గడ్డపార పట్టుకోని కొట్టిండ్రు. చేతులు చాపి నాకు చూపెట్టింది. అచ్చం నీ చేతులే.

కంపంత కాలబెట్టిండ్రు గాని అన్నిట్ల పెద్ద మొద్దును మాత్రం గట్టు మీద ఉంచుకున్నరు. సంక్రాంతి ముందటొచ్చే ఎళ్ళ అమావాస్యకు ఇక్కడోళ్ళు చేన్లకు అన్నం తీస్కపోయి గట్టెంబడి చల్లుతరు, చరగ అంటరు దాన్ని. నింగమ్మక్క ఆ మొద్దుకు పసుపు కుంకుమ పెట్టినంకనే చరగ చల్లుతది. "ఇది మా చేను మింగింది తంగీ, దీన్ని మేం మింగినం" అని నాతోని చెప్పి నవ్వింది. తంగి అంటే చెల్లె అన్నట్టు.

వానలు మొదలైనప్పుడు ఆమె చేను కొలిచిన. పాత ఫోటోల చేనంత పచ్చగ కనపడ్డది. ఇక్కడ చెట్లు ఉండెనా అని ఫోన్ అడిగింది. అవును అని ఒత్తిన. కొట్టిండ్రా? అవును. ఆధారం ఉంటే ఫోటో పెట్టుమన్నది. అవి ముల్లకంపలు, అడవి చెట్లు కావు అని చెప్పేటందుకు అందుల గడి లేదక్కా. అవును, కాదు, రెండే. ఉన్నది ఉన్నట్టు చెప్తే, ఫోటో చూస్తే, పైన కూసున్నోళ్ళకు వాళ్ళకే సమజైతది అనుకున్న.

ఫోటో అనంగనే ఆమె ఎనకకు జరిగింది. "నాకెందుకే తల్లి" అన్నది. అప్పుడు నేనేమన్ననో తెల్సా? "మా అక్క గూడ గిట్లనే సర్కారు తుమ్మ కొట్టింది. మా బావ మొద్దును కొట్టం కాడ దాచిపెట్టుకున్నడు. నువ్వు మా అక్క లెక్కనే ఉన్నవ్, జర నిలబడు" అన్న. నీ పేరు చెప్పే నిలబెట్టిన. కొంగు సవరించుకోని, మొద్దు మీద ఒక కాలు పెట్టి, గొడ్డలి చేత పట్టుకోని నిలబడ్డది. ఎంత మంచిగ వచ్చిందో ఆ ఫోటో. నేనే మురిసిపోయి హనుమంతన్నకు గూడ చూపెట్టిన.

పత్తి పగిలే యాల్లకు ఎర్రగీత వచ్చింది. ఆ ఊరి పత్తి రైతులందర్ని ఒక్క గుంపు కింద రాసినం. గుంపుల ఒక్క చేను ఎర్రగుంటే అందరి పత్తి ఆగుతది. ఆ రూలు నాకు ముందుగాల్నే తెలుసు. ఫోటో తీసిన దినం యాదికి రాలే.

మా సారు కాడికి ఉరికిన. "సార్, అది అడవి కాదు, ముల్లకంప. ఊర్ల ఎవర్ని అడిగినా చెప్తరు" అన్న. సారు చెడ్డోడు కాదు. ఆయనది గూడ పల్లెటూరే. "నాకు తెల్వదా పద్మా? రాసేటందుకు గడి ఎక్కడున్నదో నువ్వే చూపెట్టు" అని కంప్యూటర్ నా దిక్కు తిప్పిండు. నిజంగనే లేదు.

దీపావళి అయినంక బయటి దేశం నుంచి ఒక మేడం వచ్చింది. వేరే ఊర్ల షామియానా ఏసి, పచ్చగీత వచ్చిన రైతుకు శాలువా కప్పిండ్రు. నేను ఎట్లనో ధైర్యం చేసి ఆమె పక్కకు పోయి, నాకొచ్చిన రెండు ఇంగ్లీషు ముక్కలతోని నింగమ్మక్క సంగతి చెప్పిన. ఆమె నవ్వలే, తొందర పడలే. కింద కూసోని అంత విన్నది. ముల్లు బొమ్మ గీయించుకున్నది నాతోని. ఇది మా తప్పు, మేం దిద్దుతం అన్నది. అక్కా, ఆమె కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. నేను నమ్మిన. బస్సుల వచ్చేటప్పుడు చాన దినాలకు కడుపునిండ తిన్నట్టు అనిపించింది.

దిద్దేటందుకు ఎన్ని దేశాలోళ్ళు ఒప్పుకోవాల్నో, ఎన్ని సంతకాలు కావాల్నో నాకేం ఎరుక? చేన్ల పగిలిన పత్తి అందాంక ఆగుతదా? ఇక్కడోళ్ళు ఒకరి చేన్ల ఒకరు కూలి లేకుండ ఏరుకుంటరు, ముయ్యి అంటరు. నింగమ్మక్క ఆరు ఇండ్లోళ్ళ చేన్లల్ల ఏరి వచ్చింది. ఆమె వంతు వచ్చిననాడు ఒక్కరు రాలే. ఒకామె తలుపు గూడ తియ్యలేదట. నేను ఆదివారం పోయి ఏరిన. నాకు చేతనైతదా, సాయంత్రం దాంక ఒక్క మూట కాలే. ఆమె నన్ను ఒక్క మాట అనలే. తిడితే బాగుండు. చాయ్ పోసిచ్చి, "నువ్వేం చేస్తవ్ తంగీ, ఉన్నదే కద చెప్పినవ్" అన్నది.

తర్వాత గుంపు పెద్దమనిషి వచ్చి, నువ్వు పేరు తీసేసుకుంటే మా పత్తి అమ్ముడు పోతది, మా పిల్లల మొఖం చూడు అన్నడట. ఆమె పేరు తీసేసే కాగితం మీద వేలిముద్ర ఏసింది. ఆ కాగితం నింపింది గూడ నేనే. తెల్లారి అందరికి పచ్చగీత వచ్చింది. ఏరక మిగిలిన ఆమె పత్తి అకాలపు వానకు నల్లబడి కింద పడ్డది.

ఎళ్ళ అమావాస్యకు నన్ను పిలిచింది. పోనీకి మొఖం లేదు, పోకుంటే ఇంకా తప్పు. సజ్జరొట్టె, పుంటికూర, అన్నం గంపల పెట్టుకోని నడిచింది. మొద్దుకు పసుపు పెట్టింది. హనుమంతన్న ముందట, ఆమె ఎనక, ఆమె ఎనక నేను. ఫోన్ పట్టుకోని నేను తిరిగిన గట్టే అది. ఆమె ఆ గట్టు మీద అన్నం చల్లుకుంట పోతుంటే నేను గట్టు దిగి చేన్ల నడిచిన. వారం తిరగక ముందే ఇంటికి తాళమేసి, ఇద్దరు బెంగళూరు బస్సెక్కిండ్రు.

పోయిన వారం మేడం కాడినుంచి జవాబొచ్చింది. మాట నిలబెట్టుకున్నది. ఫోన్ల కొత్త గడి వచ్చింది, ముల్లకంప అని. నింగమ్మ పేరు మీద మళ్ళ కొలవొచ్చు అని గూడ రాసింది. కాని రైతే వచ్చి చేన్ల నిలబడి చెప్పాల్నంట. ఉన్నపాటున నింగమ్మక్కకు ఫోన్ చేసిన. ఎనక కాంక్రీటు కలిపే మిషిన్ సప్పుడు. గట్టిగ అరిచి చెప్పిన. "రాను తంగీ. మేస్త్రీకి మాటిచ్చినం, ఎండకాలం దాంక ఒదలడు. వచ్చినా ఏ ఇంటి ముంగట నిలబడాలె?" అన్నది. మళ్ళ తనే, "నువ్వు బాధ పెట్టుకోకు, సంగటి తిన్నవా" అని అడిగింది.

నిన్న ఒక్కదాన్నే ఆ చేన్లకు పోయిన. మొదళ్ళ కాడ సర్కారు తుమ్మ చిగుర్లు లేసినయి అక్కా. ఒక జానెడు ఉన్నయి, ముల్లు ఇంకా మెత్తగనే ఉన్నది. పది పీకిన, ఇరవై పీకిన. ఎన్నని పీకాలె? రెండు వానలు పడితే చేనంత పాత ఫోటోల ఉన్నట్టే అయితది. మొద్దు మీద పసుపు ఇంకా పోలే.

నౌకరి ఇడిచిపెట్టాలె అనిపిస్తది. ఇడిచిపెడితే నా జాగల వచ్చే పిల్లకు ముల్లకంప అంటే ఏందో తెల్వదేమో అని గూడ అనిపిస్తది. ఏం సమజైతలేదు. ఈ మాట బావకు ఇప్పుడే చెప్పకు.

నాకేం పంపకు. కాదు, ఎవరన్న ఇటు వస్తే జర ఎర్రకారం పంపు, ఇక్కడిది నాలికకు తగుల్తలేదు. పెద్దమ్మకు, చిన్నాయినకు నా దండాలు చెప్పు. స్వాతికి ముద్దులు.

ఇంకొక్కటి అక్కా. ఈ కొలత పని వచ్చే ఏడు మన దిక్కు గూడ వస్తదంట. కొట్టం కాడ బావ పెట్టుకున్న మొద్దు ఉన్నది కద, దాని మీద నీ గొడ్డలి ఇరిగింది, ఆ చేన్ల పండిన పత్తి పైసలతోనే నా కాలేజీ ఫీజు కట్టినవు. ఊర్లకు వచ్చినోళ్ళందరికి చూపెడ్తవు. దాన్ని చీల్చి పొయ్యిల పెట్టు. ఎవరన్న పిల్ల ఫోన్ పట్టుకోని వచ్చి, నువ్వు మా అక్క లెక్క ఉన్నవ్, జర నిలబడు అంటే నిలబడకు. ఆ పిల్ల నేనైనా సరే.

నువ్వు నెత్తి మీద చెయ్యి పెడితే నిద్ర పడ్తదేమో అని కూసున్న,
నీ చెల్లె
పద్మ