ఖాళీ ఆంప్లిఫయర్

జూన్ 2, సోమవారం

మహానుభావుడు ఇల్లు వదిలి వారమైంది. మొగుడు అని రాయడానికి చెయ్యి రావడం లేదు, అందుకే ఈ బిరుదు. పెళ్లిళ్లకు మైకు సెట్టు కట్టేవాడు, ఒక పెళ్లికి వెళ్లి మైకు విప్పుకుని రాకుండా పెళ్లికూతురి అక్క ఇంట్లో తేలాడు.

నాకు వదిలినవి మూడు. నా స్కూటర్, తన ఆంప్లిఫయర్, తన తల్లి. స్కూటర్‌కి కిక్ లేదు, సెల్ఫ్ ఒక్కటే. వెళ్లేరోజు కావాలనే హెడ్‌లైట్ వేసి వదిలాడు. బ్యాటరీ చచ్చింది.

బ్యాటరీ షాపులో నలుగురి ముందూ అన్నాడట, దానికి బండి స్టార్ట్ చేసుకోవడం కూడా చేతకాదు, నెల తిరక్కుండా నా కాళ్ల దగ్గరకొచ్చి పడుతుంది అని. ఒళ్లు మండిపోయింది.

జూన్ 3

ఫ్యాక్టరీకి మళ్లీ లేటు. వచ్చే సోమవారం నుంచి ఒక్కసారి లేటైనా కుట్టుమిషన్ వేరేవాళ్లకి ఇచ్చేస్తానని సూపర్‌వైజర్ చెప్పేశాడు. మొదటి షిఫ్ట్‌కి అందే బస్సు లేదు. బండి కదలాలి, లేదంటే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఆయనగారి జోస్యం నిజమవుతుంది.

బ్యాటరీ ఛార్జింగ్ పెట్టే షాపు ఇక్కడ ఒక్కటే. దాని ఓనరు ఆయనగారి ప్రాణస్నేహితుడు. చచ్చినా ఆ గుమ్మం తొక్కను.

జూన్ 4, బుధవారం

పెళ్లికి ముందు నేను ఏడాదిపాటు ఎలక్ట్రీషియన్ కోర్సు చదివాను. ఒక ఇంట్లో కరెంటుతో ఆడేవాళ్లు ఒకరు చాలని మానిపించాడు. వోల్టులు చూసే నా మీటర్ ట్రంకుపెట్టె అడుగున ఇంకా ఉంది. పనిచేస్తోంది.

ఛార్జర్‌కి కావాల్సింది ఒక ట్రాన్స్‌ఫార్మర్, కరెంటుని ఒకవైపే పోనిచ్చే రెండు డయోడ్లు. అవి ఎక్కడున్నాయో నాకు తెలుసు.

జూన్ 5, సాయంత్రం ఆరు

విప్పేశాను.

ఆ ఆంప్లిఫయర్‌ని నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వెయ్యని మనిషి. ఒక్కో స్క్రూ తీస్తుంటే కడుపు చల్లబడింది, అబద్ధమెందుకు. ట్రాన్స్‌ఫార్మర్‌ని రెండు చేతుల్తో ఎత్తాల్సి వచ్చింది. డయోడ్లు కూడా పీకేశాను. మూత బిగించి, తళతళలాడేలా తుడిచి, మళ్లీ ఎప్పటిలా గుడ్డ కప్పాను.

అత్తయ్య గుమ్మంలో నిలబడి అంతా చూసింది. వాడి సామాను జోలికి పోకు, వాడొస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు అంది. వెయ్యనీ అన్నాను. లోపలికి వెళ్లిపోయింది. ఎంతైనా కన్నకొడుకు. ఫోన్ చేసి చెప్పేస్తుందని నా అనుమానం.

జూన్ 7, శనివారం

చెక్కముక్క మీద అన్నీ బిగించాను. మీటర్ పెడితే మధ్య వైరు నుంచి ఇటు పన్నెండు వోల్టులు, అటు పన్నెండు. రెండు చివరలకూ చెరో డయోడ్. బ్యాటరీకి వెళ్లే దారిలో ఒక ఇండికేటర్ బల్బు. కరెంటు ఎక్కువైతే ఆ బల్బు మింగుతుంది, బ్యాటరీ నిండేకొద్దీ మసకబారుతుంది. కోర్సులో నేర్పిందే. మర్చిపోలేదు.

ప్లగ్ పెడితే ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా మూలిగింది. రోజూ సాయంత్రం ఆయన పాటలు పెట్టే ముందు వినిపించే మూలుగే. నేను వంట చేస్తూ వినేదాన్ని. ఏడుపొచ్చింది. ఏడ్చినందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

జూన్ 8, ఆదివారం

బ్యాటరీకి క్లిప్పులు తగిలించాను. అత్తయ్య పీట వేసుకుని కూర్చుంది. ప్లగ్గు నీ చేతిలోనే ఉంది కదే, మరి ఆ బల్బు ఎలా వెలుగుతోంది అని అడిగింది.

చూద్దును కదా, క్లిప్పులు తారుమారు. ప్లస్ మైనస్‌కి, మైనస్ ప్లస్‌కి. బ్యాటరీలో మిగిలిన ఆ కాస్త ప్రాణమూ వెనక్కి కారిపోతోంది. అలాగే ప్లగ్ పెట్టి ఉంటే బ్యాటరీ మట్టిగొట్టుకుపోయేది. గబుక్కున పీకి మార్చాను. పొద్దున బల్బు భగ్గుమని వెలిగింది, సాయంత్రానికి మిణుకుమిణుకుమంది. కాపలా నేనూ అత్తయ్యా వంతులేసుకున్నాం. ఆవిడ ఎందుకు కూర్చుందో నాకు అర్థం కాలేదు.

జూన్ 9, సోమవారం

స్టార్ట్ అయింది. మొదటి నొక్కుకే.

బ్యాటరీ షాపు ముందు ఆపి, ఓనరు బయటికొచ్చేదాకా హారన్ కొట్టాను. వచ్చాడు, నోరు తెరిచి చూశాడు. చెప్పు, పోయి చెప్పు నీ స్నేహితుడికి అనుకున్నాను. ఫ్యాక్టరీకి సూపర్‌వైజర్ కన్నా ముందు చేరాను.

మధ్యాహ్నం అత్తయ్య ఫోన్. వాడు ఆంప్లిఫయర్ కోసం వస్తున్నాడట, గురువారం వాడుంటున్న ఇంటావిడ తమ్ముడి పెళ్లట, కొత్త చుట్టాలందరి ముందూ సెట్టు తనే కడతాడట. ముందు ఎగిరి గంతేశాను. నిండు పందిట్లో స్విచ్ వేస్తాడు, కిక్కురుమనదు. ఇంతకన్నా నాకేం కావాలి?

అప్పుడు గుర్తొచ్చింది. బరువు! దాన్ని ఎప్పుడూ ఒక్కడే భుజానికెత్తుకునేవాడు. ఎత్తగానే ఖాళీ డబ్బా అని తెలిసిపోతుంది. ఇటుకైనా పెట్టాలని నా బుర్రకి తట్టలేదు. పర్మిషన్ అడిగితే సూపర్‌వైజర్ గుడ్లురిమాడు. ఆ పూట ఎన్ని కాలర్లు వంకరగా కుట్టానో.

సాయంత్రం ఏడు

ఆంప్లిఫయర్ లేదు. తీసుకెళ్లాడట. ఏమన్నాడు అంటే, ఏమంటాడు, అబ్బా అంటూ భుజానికెత్తుకుని పోయాడు అంది అత్తయ్య. ఆవిడకి వారంగా మోకాళ్ల నొప్పులు. ఎలా ఉన్నావని కూడా అడగలేదట.

అబ్బా అన్నాడా? డబ్బాలో ఏముందని?

జూన్ 10

ఇప్పుడు తెలిసింది.

యూనిఫాం ఇస్త్రీ చేద్దామని చూస్తే బల్ల కింద ఇస్త్రీపెట్టె లేదు. అత్తయ్య బొగ్గుల ఇస్త్రీపెట్టె, ఇనపది. మామయ్య పోయాక వీధి మొగలో బండి పెట్టుకుని, ఊరందరి బట్టలూ దాంతోనే ఇస్త్రీ చేసి కొడుకుని పెంచింది. ఇప్పటికీ ఇంకొకళ్లని ముట్టుకోనివ్వదు. కొక్కేనికి వేలాడే ఆయనగారి నీలం చొక్కా కూడా లేదు.

ఆవిడ మొహంలోకి చూశాను. బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండా చెప్పింది, చొక్కా చుట్టి పెట్టాను, లేకపోతే లోపల కదిలి చప్పుడవుతుంది అని.

స్క్రూలు నాకన్నా గట్టిగా బిగించిందట.

జూన్ 12, గురువారం, రాత్రి

ఫోన్ మోగింది. అత్తయ్యే తీసింది. స్పీకర్ పెట్టమన్నాను, పెట్టలేదు.

తర్వాత చెప్పింది. స్విచ్ వేస్తే పలకలేదట. పెళ్లివారు చుట్టూ మూగారట. ఎంతసేపు, రెండు నిమిషాల్లో బాగుచేస్తానని అందరి ముందే మూత విప్పాడట. అరుస్తాడనుకుంది, అరవలేదట. అమ్మా, ఇది నువ్వే పెట్టావా అని ఒక్కటే అడిగాడట. నేనే పెట్టాను, పెళ్లయ్యాక జాగ్రత్తగా తెచ్చివ్వు అని ఈవిడ ఫోన్ పెట్టేయడం నేనూ విన్నాను.

చెప్పి లోపలికి వెళ్లి పడుకుంది. అన్నం తినలేదు. నాకు నవ్వాలని ఉంది, గట్టిగా. ఆవిడ లేచాక నవ్వుదామని ఆగాను.

జూన్ 15, ఆదివారం

ఇస్త్రీపెట్టె రాలేదు. నలిగిన బట్టల్తోనే ఇద్దరం స్కూటర్ మీద వెళ్లాం.

ఆయనగారు తేలిన ఇంటి ముందు అత్తయ్య దిగలేదు. వెనక నుంచి చెయ్యి చాపి హారన్ నొక్కింది. వాడు ఇస్త్రీపెట్టెని రెండు చేతుల్తో పట్టుకుని బయటికొచ్చేదాకా నొక్కుతూనే ఉంది. తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. వాడి వైపు చూడలేదు.

బండి పోనియ్యమ్మా అంది.