గోడ పక్క కారే పీపాలు

తమ్ముడు సాయిలుకు అన్న కొమురయ్య దీవెనలు. నువ్వు, మరదలు, పిల్లలు, చిన్నమ్మ చల్లగా ఉన్నారని తలుస్తాను. నేను గట్టిగానే ఉన్నాను. మీ వదినకే బాగాలేదు.

పరకాల విడిచి వరంగల్ వచ్చినంక మగ్గానికి పని తక్కువ లేదు, తిండికి లోటు లేదు. నీళ్లు ఉప్పన. పలకరించే మనిషి లేడు. అవన్నీ ఓర్చుకున్నాను. మా వాడ వెనుక గోడ అవతల తెల్లదొరల యుద్ధం నాటి విషపు పీపాలు ఉన్నాయి. మనుషుల ఒళ్లు బొబ్బలెక్కించి చంపే మందట. దేశంలో ఉన్నవన్నీ తీసేయమని హుకుం వచ్చాకే మాకు తెలిసింది.

పడుగు నూలు బారెడంత ఇంట్లో పొడవునా సాపలేం, నీకు తెలుసు. పొద్దున్నే వాడలో బారుగా కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వాలి. గాలి తగలాలి. ఆ గాలి గోడ మీద నుంచే వస్తుంది. మీ వదిన చేతులు మోచేతుల దాకా పొక్కాయి. గంజి ఒంటికి పడలేదనుకొని పసుపు రాశాం. ఇప్పుడు కళ్లు కూడా తెరవలేకపోతోంది. ఇక్కడే ఉంటే చూపు దక్కదని దవాఖానలో చెప్పారు.

లారీలు వస్తే సంబరపడ్డాం. ముందు ఆఫీసర్ల బంగ్లాల వైపువి తీశారు. తర్వాత మూత బిగిసినవి తీశారు. మా గోడ పక్క కారేవి అట్లనే ఉన్నాయి. పీపాలు తీయించే ఆఫీసుకు పోయి అడిగాను.

"కారేటియి లారీ ఎక్కియ్యద్దు పెద్దాయనా. కొత్త పీపాలు రావాలె. వానలు పోయినంక సూద్దాం" అన్నాడు సారు.

"మూత బిగిసినయి ఎవల కండ్లు తీస్తున్నయ్ సారూ? ముందుగాల మావి తియ్యరాదు?"

ఆయన చాయ్ చెప్పాడు, నాకు కాదు. ఎవరికీ మొక్కని నేను చేతులు జోడించాను. అయినా అదే మాట.

మీ వదినను ఊరికి పొమ్మంటే వినదు. "నువ్వేడుంటే నేనాడ్నే. గంజి ఎవలు వడుతరు?" అంటుంది. నువ్వు వచ్చి చిన్నమ్మకు పానం బాగాలేదని అబద్ధం చెప్పి తీసుకుపో. చిన్నమ్మకు నా దండాలు, తప్పు క్షమించమను. నేను రాను. మగ్గం మీద సేటు నూలు సగంలో ఉంది. ఆ ఆఫీసు గడపలో కూర్చోవడానికి ఒకడన్నా ఉండాలి.

నాట్లు ఉన్నాయని ఆగకు సాయిలూ. బస్సు ఎక్కేటప్పుడు ఆమె నా ముఖం చూసి పోవాలి. ఆ చూపు ఉండగానే రా.

నీ అన్న
కొమురయ్య