నా మాటలకు దారి మళ్లింపు

సోమవారం, ఉదయం.
ఇకనుంచి నా వ్యాఖ్యలన్నీ ఈ డైరీలోకే. నోట్లోంచి ఒక్కటీ రాదు. నిన్న కోడలి ఆఫీసువాళ్లు భోజనానికొస్తే, వాళ్ల ముందే ఆమెని ‘కూరలో ఉప్పుకి సెలవిచ్చావా?’ అన్నాను. వాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. వేరే ఇల్లు చూసుకుందామని మా అబ్బాయితో అంది.

ఉపాయం మనవరాలిది. సాఫ్ట్‌వేర్ పిల్ల. ప్రోగ్రాం తను చేసే పనుల గురించి తనే ఏవో మాటలు వదులుతూ ఉంటుందట, వాటిని లాగ్‌లంటారట. అవి తెరమీదికి పోవాలా, ఫైల్లోకి పోవాలా అన్నది ప్రోగ్రాం ఆపకుండానే మార్చేయొచ్చట. నేనూ డెబ్బై ఏళ్లుగా ఆగకుండా నడుస్తున్నదాన్నే. మారుస్తాను.

మధ్యాహ్నం. కోడలు కర్టెన్ తిరగేసి తగిలించింది. ఇక్కడ రాశాను. ఎంత హాయి!

మంగళవారం.
పేజీ నిండింది. ఇల్లు నిశ్శబ్దం. అబ్బాయి నా నుదుటిమీద చెయ్యి వేసి చూశాడు.

బుధవారం.
చిన్న పొరపాటు. పక్కింటావిడ ఉండగా కోడలి టీ గురించి రాశాను. రాస్తూ పైకి చదివానట. “నానమ్మా, కొత్త చోటు కలిపావు కానీ పాతది తీసెయ్యలేదు. అందుకే రెండుచోట్లా పడుతోంది,” అంది మనవరాలు. వాళ్ల ఆఫీసులో చదువుకున్నవాళ్లూ ఇదే పొరపాటు చేస్తారట. కాబట్టి తప్పు నాది కాదు. పైగా పక్కింటావిడకి చెవుడు.
కోడలికి లేదు.

గురువారం.
పాతది తీసేశాను. పెదవి కదలదు. కోడలు పెద్ద ఉద్యోగం ఇంటర్వ్యూకని కొత్త కోటు వేసుకుని బయల్దేరింది. వీపుమీద దుకాణంవాడి చీటీ వేలాడుతోంది, ‘సగం ధరకే’ అని. చూశాను. నిష్ఠగా ఇక్కడ రాశాను.

సాయంత్రం. చీటీ తెచ్చి బల్లమీద పెట్టింది. చూశారా అని అడిగింది. చూశానన్నాను, సాక్ష్యానికి డైరీ ఇచ్చాను. మొత్తం చదివింది.
“నన్నేమీ అనొద్దని ఎప్పుడన్నాను అత్తయ్యా? నలుగురి ముందు అనొద్దన్నాను. నాతో అయినా చెప్పరా?”
తప్పు నాదేనన్నాను. ఈ ఇంట్లో ఇది మొదటిసారి.

శుక్రవారం.
కొత్త తీర్మానం. వ్యాఖ్యలన్నీ నేరుగా కోడలి చెవికే. వంటింట్లో, తలుపు వేసి. పొద్దున్నే మూడు చెప్పాను. మధ్యలో ఇళ్ల ఏజెంటు ఫోన్ చేస్తే, పనిలో ఉన్నానని పెట్టేసింది.
తర్వాత నా గురించి తనూ ఒకటి చెప్పింది. అది ఇక్కడ రాయను.