తెరిచిన ఫ్రిజ్ తలుపు

అమ్మాయీ,

నిన్న ల్యాబ్ రికార్డు ఇవ్వడానికి వచ్చి మా వంటింటి గుమ్మంలోనే ఆగిపోయావు. బార్లా తెరిచిన ఫ్రిజ్ ముందు మా అమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. తలుపు పట్టుకుని నిలబడ్డది నేనే.

ఫ్రిజ్ తెరిచిపెడితే గది ఇంకా వేడెక్కుతుందని, లోపలి వేడినంతా అది వెనక నుంచి గదిలోకే వదులుతుందని క్లాసులో బల్ల గుద్ది చెప్పినవాణ్ణి. "మా అమ్మమ్మకి ఉక్కపోస్తే అలాగే తెరుస్తాం సార్" అని నువ్వంటే, "అయితే మీ ఇంటికి వేరే ఫిజిక్సు రాయాలి" అని అందరినీ నవ్వించినవాణ్ణి.

పరీక్షలో నువ్వు "గది వేడెక్కుతుంది, కానీ ముందు కూర్చున్న మనిషికి కాసేపు హాయిగా ఉంటుంది" అని రాశావు. "కానీ" దగ్గర్నుంచి అంతా కొట్టేసి మార్కు కోశాను. ఆ పేపరు సోమవారం తీసుకురా, అందరి ముందూ దిద్దుతాను.

ఇంకో మాట. ఫ్యాను కాలిపోయి అమ్మ నిన్న పొద్దుట్నుంచి ఉక్కకి అల్లాడిపోయింది. అయినా నిన్ను చూడగానే ఫ్రిజ్ తలుపు ఠక్కున మూసేశాను. నువ్వు వెళ్లాక అమ్మ, "ఎందుకు మూశావురా?" అంది.

తలుపు మళ్లీ బార్లా తెరిచిపెట్టాను.

మీ ఫిజిక్సు మాస్టారు